ఆనందించమంటే నవ్వుతూ ఉండమని కాదు

ప్రశ్న: అక్కా వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆయన బండి మీంచి పడితే కాలికి రాడ్డు వేశారు, ఎనిమిది నెలలైంది, ఇంకా పనికి వెళ్లట్లేదు. నా మిషన్ కుట్టు మీదే ఇల్లు నడుస్తోంది, చీటీ కట్టడం కూడా ఆపేశాను. ఆదివారం మందిరంలో అందరూ పాడుతుంటే నాకు గొంతు రావట్లేదు. పాస్టరమ్మగారు అందరి ముందూ "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి అని వాక్యం ఉంది కదమ్మా, ముఖం అలా పెట్టుకుంటే విశ్వాసం లేనట్టే" అన్నారు. అప్పట్నుంచి మందిరానికి వెళ్లాలంటేనే భయం. నిజంగా నా విశ్వాసం పోయిందా?

జవాబు: లేదు చెల్లీ. ఆవిడ చెప్పింది బైబిల్లో ఫిలిప్పీ పత్రిక (అపొస్తలుడు పౌలు ఫిలిప్పీ ఊళ్లోని సంఘానికి రాసిన ఉత్తరం) 4వ అధ్యాయం 4వ వచనం, వాక్యం కరెక్టే. కానీ ఆ పత్రిక మొత్తం నాలుగే అధ్యాయాలు, ఈ రాత్రి మిషన్ కట్టేశాక మొదట్నుంచి చదువు, అరగంట కూడా పట్టదు. రాసేటప్పటికి పౌలు బంధకాల్లో, అంటే ఖైదులో ఉన్నాడు, బతుకుతాడో లేదో తెలీదు. 2వ అధ్యాయంలో ఎపఫ్రొదితు సంగతి వస్తుంది, ఫిలిప్పీ సంఘం పౌలుకి సాయం ఇచ్చి పంపిన మనిషి, ఆ పని మీదే జబ్బుపడి చావుదాకా వెళ్లాడు. దేవుడు కనికరించాడు గానీ లేకపోతే నాకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదని పౌలే రాశాడు, అంటే అప్పటికే ఒక దుఃఖం ఉన్నట్టే కదా! ఆనందించుడి అన్నదీ ఆయనే, ఈ మాట అన్నదీ ఆయనే, అదీ ఒకే ఉత్తరంలో. మనవాళ్లు మొదటిది క్యాలెండర్ మీద వేస్తారు, రెండోది ఎవరూ వెయ్యరు.

ఇంకోటి, ఆ సంఘం పౌలుకి ఒట్టి ప్రార్థనే చేసి ఊరుకోలేదు, అవసరానికి సాయం పంపింది, అంతకుముందు ఆయన థెస్సలొనీక అనే ఊళ్లో ఉన్నప్పుడూ పంపింది. ఆనందించమని చెప్పే సంఘం నీ ఇంట్లో బియ్యం ఉన్నాయా అని కూడా అడగాలి, పాస్టరమ్మగారికి కోపమొచ్చినా నేనీ మాటే అంటాను.

మా నాన్న హాస్పిటల్లో ఉన్నప్పుడు అందరూ వచ్చి వాక్యాలు చెప్పి వెళ్లారు. మందిరంలో చాపలు పరిచే ఒకావిడ మాత్రం క్యారేజీలో చారన్నం తెచ్చి, మూడ్రోజులుగా దువ్వని మా అమ్మ తలకి అక్కడే వరండాలో నూనె రాసి జడేసింది. అమ్మ ఆరోజు ఏడుస్తూనే ఏదో మాటకి నవ్వింది కూడా. ఆనందం అంటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

ఆదివారం వెళ్లు. పాట రాకపోతే కూర్చో, పక్కవాళ్లు పాడతారు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, బతకాలని అనిపించకపోయినా 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని గవర్నమెంట్‌దే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, అలా చేస్తే విశ్వాసం తక్కువని ఎవరన్నా పట్టించుకోకు. మందిరంలో లేచి సాక్ష్యం చెప్పమంటే మాత్రం ఉన్నదే చెప్పు, కాలు ఇంకా నయం కాలేదు, చీటీ ఆగింది, అయినా వచ్చాను అని.