పౌరసత్వం తీసుకుంటే పొలం పోతుందా?

గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండబోతున్నాయి, అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు చేయమంటారా అని ఒక యువకుడు అడిగారు. అసలు బెంగ ఉత్తరం చివర బయటపడింది: “దేశాన్ని వదులుకుంటావా అంటున్నారు మా నాన్నగారు. ఊళ్లో రెండెకరాల మాగాణి కూడా ఉంది.”

ముందు మాగాణి సంగతి చూద్దాం. భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. మరో దేశపు పౌరసత్వం పుచ్చుకుంటే, 1955 నాటి చట్టం ప్రకారం మనది దానంతటదే రద్దవుతుంది. ఆ తరవాత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకోవచ్చు. పేరులో ‘సిటిజన్’ అని ఉన్నా అది జీవితకాలపు వీసా లాంటిదే. దానితో ఓటు లేదు, సాగుభూమి కొనే వీలూ లేదు. కానీ భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసికి మాత్రం ఆ వీలు ఉందా? లేదు. మీరు ఇప్పుడు కూడా ఎకరం కొనలేరు! వారసత్వంగా వచ్చే పొలానికి ఎవరూ అడ్డు చెప్పరు. చిక్కల్లా గిఫ్టు డీడుతోనే. నాన్నగారు ముచ్చటపడి ఇప్పుడే రాసిస్తానంటే ఆపండి. సాగుభూమిని ప్రవాసులు దానంగా పుచ్చుకోకూడదు. వీలునామా రాయించండి. రేపు అమ్మదలచుకుంటే స్వదేశంలో ఉంటున్న భారతీయుడికే అమ్మాలి.

ఓటు పోతుందన్నది నిజమైన నష్టం. అయితే ప్రవాసులకు ఓటు వచ్చినా, ఊరికి వెళ్లి పోలింగు కేంద్రంలో వేయాల్సిందే. మీరు ఇప్పటికి ఎన్నిసార్లు వేశారో మీకే తెలియాలి.

పేరు విషయంలో జాగ్రత్త. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన మనవాళ్లకు ఇక్కడ అమెరికాలో ‘ఎఫ్ఎన్‌యూ’ (‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’, అంటే మొదటి పేరు తెలియదు) అనే మూడక్షరాలు మొదటి పేరై కూర్చుంటాయి. పౌరసత్వపు దరఖాస్తులోనే దాన్ని సరిచేసుకోవచ్చు. ఆ ఊపులో వెంకట సుబ్రహ్మణ్యాన్ని ‘వెన్’ చేసేయకండి. ఓసీఐ దగ్గర పాత పేరుకూ కొత్త పేరుకూ పొంతన చూపలేక మళ్లీ తిప్పలు.

ఇక నాన్నగారి ప్రశ్న. నా ప్రమాణం రోజున గుమ్మంలోనే గ్రీన్ కార్డు తీసేసుకుని చేతిలో చిన్న జెండా పెట్టారు. కుడి చెయ్యి ఎత్తి, పరాయి రాజ్యాలకు ఇక విధేయుణ్ని కానని అందరం ఒక్క గొంతుతో పలికాం. నా పక్కన నిలబడిన మెక్సికో పెద్దాయనా అదే పలికాడు. ఆయన దేశం ఒప్పుకుంటుంది కాబట్టి ఆయన పాత పౌరసత్వం ఆయనకే ఉంది, నాది పోయింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో గొంతు పట్టేసింది.

భారతీయుడైన భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది 1923లో. మన భీమవరం శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగింది కూడా ఆ రోజుల్లోనే. 1946 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అడిగినా ఇవ్వని కాగితం అది. మీ నాన్నగారికి ఈ సంగతీ చెప్పి చూడండి.

మా నాన్నగారు వాదించలేదు. భారత పాస్‌పోర్టు అప్పగిస్తే రద్దు ముద్ర వేసి తిరిగిస్తారు. మొదటిసారి ఇంటికి వెళ్లినప్పుడు దాన్ని ఆయన చేతికిచ్చాను. పేజీలన్నీ తిప్పి, ముద్రను వేలితో ఓసారి తడిమి, “ఇంక దీంతో పనిలేదుగా?” అన్నారు. లేదన్నాను. బీరువా తీసి, పట్టాదారు పాస్‌పుస్తకం కింద పెట్టి తాళం వేశారు.