స్కోప్ చూపు వేరు, గుండు దారి వేరు: అల్లుడికి మావయ్య ఉత్తరం

ఒరే అల్లుడూ,

లైసెన్సు చేతికొచ్చిందని, పాయింట్ 22 రైఫిల్ కూడా కొనీసావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం. దాని మీదకి 3-9 ఇంటూ 40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) ఒకటి తెప్పించావంట కదా, "మావయ్యా ఎలగ బిగించాలి, గుండు ఎంత దూరం తిన్నగా పోతాది" అని నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు, అందుకే కూర్చుని రాస్తన్నాను, స్కోపూ రైఫిలూ ముందు పెట్టుకుని నెమ్మదిగా చదువు.

నువ్వడిగిన రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అది తెలీకుండా స్కోప్ బిగించి లాభం లేదు. గుండు అసలు తిన్నగా పోదు, ఒక్క మీటరు కూడా పోదు. బ్యారెల్ మూతి దాటిన క్షణం నుంచే భూమి దాన్ని కిందకి లాగుతాది. తోటలో పైపుతో నీళ్ళు కొట్టేటప్పుడు దూరంగా ఉన్న మొక్కకి కాస్త పైకెత్తి కొడతాం చూడు, రైఫిల్లో జరిగేదీ అదే, కాకపోతే ఎత్తడం అనేది కంటికి కనిపించనంత కొంచెం. స్కోప్ లోంచి నీ చూపు తిన్నని గీత, గుండు దారేమో వంపు. స్కోప్ బ్యారెల్‌కి పైన ఇంచుమించు 4 సెంటీమీటర్ల ఎత్తులో కూర్చుంటాది కాబట్టి గుండు చూపు గీత కింద నుంచి బయల్దేరి, పైకొచ్చి ఆ గీతని ఒకసారి దాటి, మళ్ళీ దిగుతూ రెండోసారి దాటుతాది. జీరో చెయ్యడం అంటే ఆ రెండోసారి కలిసే చోటు ఎంత దూరంలో ఉండాలో నువ్వు నిర్ణయించడమే, ఇంకేం లేదు.

నీ రైఫిల్ లెక్క చెప్తాను. స్టాండర్డ్ వెలాసిటీ పాయింట్ 22 లాంగ్ రైఫిల్ గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు, మూతి దగ్గర వేగం సెకనుకి 325 మీటర్ల దరిదాపు. 50 మీటర్లకి జీరో చేసావనుకో, 10 మీటర్ల దగ్గర గుండు ఒక సెంటీమీటరు కింద తగులుతాది, 15, 16 మీటర్ల దగ్గర చూపుతో కలుస్తాది, 30 దాటాక ఒకటిన్నర సెంటీమీటర్లు పైన ఉంటాది, 50 దగ్గర సరిగ్గా మధ్యలో. అక్కడ నుంచి చూడు ఎలగ పడిపోద్దో, 75 దగ్గర 7, 8 సెంటీమీటర్లు కిందకి, 100 దగ్గర ఏకంగా జానెడు కిందకి. దూరం రెండింతలైతే పడడం కూడా రెండింతలే అనుకుంటారు చాలామంది, అది తప్పు, గుండు గాల్లో ఉన్న టైము పెరిగే కొద్దీ పడడం ఆ టైము వర్గంతో పెరుగుతాది, పైగా గాలి రాపిడికి వేగం కూడా తగ్గిపోతుంటాది. అందుకే పాయింట్ 22కి 50 మీటర్ల జీరో మంచిదంటాను, 100కి జీరో చేస్తే మధ్యలో అంతా పైన తగిలి చిరాకు పెడతాది. ఈ అంకెలు నీ రైఫిల్లో కాస్త అటూ ఇటూ అవుతాయి, నీవి నువ్వే కాగితం మీద కొట్టి తెలుసుకోవాలి.

ఇప్పుడు బిగించడం. మేగజైన్ తియ్యి, బోల్ట్ తెరువు, చాంబర్లో, అంటే బ్యారెల్ వెనక రౌండు కూర్చునే చోట, వేలు పెట్టి చూడు, కళ్ళతో చూస్తే చాలదు. ఆ తర్వాతే మిగతాది. నీ రైఫిల్ పైన ఉన్నది 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి అయి ఉంటాది, రింగులు దానికి సరిపోయేవి తీసుకున్నావో లేదో చూసుకో, స్కోప్ ట్యూబు ఒక అంగుళమా 30 మిల్లీమీటర్లా అన్నది కూడా. గాడీ రింగులూ నూనె లేకుండా పొడిగుడ్డతో తుడువు. కింద రింగులు బిగించి స్కోప్ వాటిలో పడుకోబెట్టి పై మూతలు వదులుగా పెట్టు. జూమ్ 9 మీద పెట్టి, నువ్వు ఎలగ పడుకుని కాలుస్తావో అలగే పడుకుని కళ్ళు మూసుకుని బుగ్గ బట్ మీద ఆనించి కళ్ళు తెరువు. చుట్టూ నల్ల నీడ లేకుండా నిండు వెలుగు కనిపించే వరకు స్కోప్ ముందుకీ వెనక్కీ జరుపు, కంటికీ అద్దానికీ 8, 10 సెంటీమీటర్లు వస్తాది. మెడ సాచాల్సి వచ్చిందంటే స్కోప్ సరైన చోట లేదని అర్థం, నువ్వు దానికి లొంగకు, దాన్నే నీ దగ్గరకి తెచ్చుకో.

స్కోప్ లోపల కూడిక గుర్తులా కనిపించే క్రాస్ గీత నిలువుగా ఉందా లేదా అన్నదాని మీద మాత్రం ఎంత టైమైనా పెట్టు. గోడ మీద ఒక దారానికి బరువు కట్టి వేలాడదియ్యి, రైఫిల్ని ఇసకబస్తాల మీద తిన్నగా నిలబెట్టి స్కోప్‌లో నిలువు గీత ఆ దారం మీద పడేలా తిప్పు. ఇది వంకరగా ఉంటే ఏమవుద్దంటే దగ్గర్లో తెలీదు, దూరానికని నువ్వు స్కోప్ నాబ్ తిప్పి పైకి క్లిక్కులు వేస్తే గుండు పైకీ పక్కకీ కలిపి పోతాది, అది గాలి వల్ల అనుకుని బుర్ర బద్దలు కొట్టుకుంటావు. కాల్చేటప్పుడు రైఫిల్ కుడికి ఒరిగినా అంతే, గుండు కుడికీ కిందకీ పోతాది.

స్క్రూలు ఒక వైపంతా ముందే బిగించీకు, ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పు, రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. ఎల్ కీ పొట్టి వైపు పట్టుకుని రెండు వేళ్ళ బలం చాలు. కండబలం చూపించావంటే ట్యూబు నొక్కుకుపోద్ది, లోపల అద్దాలు కదలవు, ఆ తర్వాత ఎన్ని క్లిక్కులు తిప్పినా పని చెయ్యదు.

అలగే కంటి దగ్గర తిరిగే రింగు ఉంటాది, దాంతో క్రాస్ గీత నల్లగా, పదునుగా కనిపించేలా చేసుకో. తెల్ల గోడ వైపు చూసి ఒక్క సెకను చూపు పెట్టి తీసెయ్యి, మళ్ళీ చూడు. ఎక్కువసేపు చూస్తే కన్ను తనే సర్దుకుని మోసం చేస్తాది. స్కోప్‌తో సూర్యుడి వైపు మాత్రం చచ్చినా చూడకు.

పారలాక్స్ అని ఇంకోటుంది. రైఫిల్ ఇసకబస్తాల మీద కదలకుండా పెట్టి చెయ్యి తగలకుండా తల మాత్రం పైకీ కిందకీ ఆడించు, క్రాస్ గీత టార్గెట్ మీద ఈదుతున్నట్టు కదిలిందంటే పారలాక్స్ ఉన్నట్టే. పెద్ద రైఫిళ్ళకి చేసిన స్కోప్‌లు మామూలుగా 100 గజాలకి సెట్ చేసి వస్తాయి, పాయింట్ 22వి 50 గజాలకి. నీది మొదటి రకం అయితే మరేం పర్లేదు, కన్ను ప్రతిసారీ సరిగ్గా అద్దం మధ్యలో ఉండేలా బుగ్గ ఒకేచోట ఆనించడం అలవాటు చేసుకో.

ఇక జీరో. బోల్ట్ పూర్తిగా తీసేసి, వెనక నుంచి బ్యారెల్ లోంచి 25 మీటర్ల దూరంలో టార్గెట్ చూడు, రైఫిల్ కదలకుండా స్కోప్ గీతని నాబ్‌తో అక్కడికే తీసుకురా. దీనివల్ల మొదటి గుండు కాగితం మీద పడుతుంది, రౌండ్లు దండగ కావు. ఆ తర్వాత 25 దగ్గర 5 రౌండ్లు, ఒకే చోట గురిపెట్టి. మొదటి గుండు ఎడమకి పోయిందని నాబ్ మీద చెయ్యి వెయ్యకు. నేనెక్కువ గట్టిగా చెప్పేది ఈ మాటే. ఒక గుండు ఏమీ చెప్పదు, అది నీ ఊపిరి కావచ్చు, ట్రిగ్గర్ గుంజడం కావచ్చు, ఆ రౌండే కావచ్చు. మా ఫౌజులో గ్రూపింగ్, అంటే గుళ్ళన్నీ దగ్గర దగ్గరగా ఒకేచోట పడడం, రాకుండా జీరోయింగ్ చెయ్యనిచ్చేవారు కాదు. 5 గుళ్ళ మధ్యబిందువు తీసుకో, దాన్ని ఎంపీఐ అనేవాళ్ళం, దాన్నే కదపాలి.

నీ స్కోప్ మీద పావు ఎంఓఏ క్లిక్కు (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అని రాసుంటే, 100 మీటర్ల దగ్గర ఒక క్లిక్కు 7 మిల్లీమీటర్ల పైచిలుకు కదుపుతాది, 50 దగ్గర 3.6, 25 దగ్గర 1.8. అంటే 25 మీటర్ల దగ్గర నీ గ్రూపు 3 సెంటీమీటర్లు కింద, 2 సెంటీమీటర్లు కుడికి ఉందనుకో, పైకి 16 క్లిక్కులు, ఎడమకి 11. నాబ్ మీద "అప్" అని బాణం ఉంటే గుండు పైకి పోతాదని అర్థం, గీత కాదు. కొత్తవాళ్ళు చాలామంది ఇక్కడే తికమక పడతారు. మళ్ళీ 5 కాల్చు. 25 దగ్గర గ్రూపు మధ్య కంటే ఒక సెంటీమీటరు పైన కూర్చుంటే 50కి ఇంచుమించు వచ్చేసినట్టే, అప్పుడు 50కి వెళ్ళి చివరి క్లిక్కులు అక్కడ చూసుకో.

రౌండ్లు మారిస్తే జీరో మారిపోద్ది, బ్రాండు మారక్కర్లేదు, అదే కంపెనీలో వేరే లాటు అయినా తేడా చూపిస్తాది. హై వెలాసిటీవి మంచివని షాపులో అంటగడతారు, నువ్వు స్టాండర్డ్‌వే తీసుకో. వేగం ఎక్కువైతే గాలికి తక్కువ పక్కకి పోతాది అనిపిస్తాది గానీ పాయింట్ 22లో ఉల్టా, ధ్వని వేగం దాటి బయల్దేరిన గుండుకి మళ్ళీ ఆ వేగం దిగేటప్పుడు గాలి అడ్డు బాగా ఎక్కువ, అందుకే పక్కకి ఎక్కువ జరుగుతాది.

గాలి గురించి. గుణుపురంలో సాయంత్రమయ్యేసరికి వంశధార వైపు నుంచి, కొండల సందుల్లోంచి గాలి లేస్తాది, నీకు తెలిసిందే. ఆకులూ చిన్న రెమ్మలూ ఆగకుండా కదిలే పక్కగాలి 50 మీటర్ల దగ్గర గుండుని 2, 3 సెంటీమీటర్లు నెట్టేస్తాది, 100 దగ్గర దానికి మూడు నాలుగు రెట్లు. పొద్దున్నే జీరో చేసుకో, ఎండెక్కాక వద్దు. వేసవిలో ఎక్కువ జూమ్ పెట్టి చూస్తే టార్గెట్ నీళ్ళలో ఉన్నట్టు వణుకుతాది, అది ఎండమావి. దాన్ని తిట్టుకోకు, అది ఎటు పారుతుందో చూడు, గాలి అటే. నిట్టనిలువుగా పైకి మరుగుతుంటే గాలి లేదని, లేదా తిన్నగా నీ మీదకో వెనక నుంచో వస్తుందని. మామూలుగా జూమ్ 5, 6 చాలు, 9 పెడితే నీ గుండె కొట్టుకోవడం కూడా కనిపించి ట్రిగ్గర్ దగ్గర తొందర పుడతాది.

ఎక్కడ కాలుస్తావన్నది చిన్న విషయం కాదు నాన్నా. వెనక మట్టికట్ట ఉన్న క్లబ్బు రేంజిలోనే కాల్చు. పాయింట్ 22 చిన్నదే కదా అని ఏటి ఇసకలోకి పట్టుకెళ్ళొద్దు, కాస్త ఎత్తి కాలిస్తే ఒకటిన్నర కిలోమీటర్లు దాటి పోయే గుండు అది, నీళ్ళ మీదా రాళ్ళ మీదా పడితే ఎగిరి ఎటు పోతాదో ఎవరూ చెప్పలేరు. అడవిపందులు చేనుకి వస్తన్నాయని, చైత్ర పరబ్ పండగ వేటకని, ఎవరైనా స్నేహితుడు రమ్మన్నా వెళ్ళకు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, కేసయితే లైసెన్సూ పోద్ది రైఫిలూ పోద్ది. బోర్డరు దాటి పాతపట్నం, శ్రీకాకుళం వైపు పట్టుకెళ్ళాలంటే నీ లైసెన్సు ఒడిశా వరకేనా, దేశమంతటికీనా అని ముందు చదువుకో.

పోటీలకి వెళ్ళే ఆలోచన ఉందని కూడా మీ అమ్మ చెప్పింది. అలగైతే ఒక మాట, ఒలింపిక్స్‌లో 10 మీటర్లు, 50 మీటర్లు రైఫిల్‌కి స్కోప్ ఒప్పుకోరు, పీప్ సైటే. 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కి వచ్చిన కంచు అయినా, 2024లో మహారాష్ట్ర అబ్బాయి స్వప్నిల్ కుసాలేకి వచ్చిన కంచు అయినా చిన్న బెజ్జంలోంచి చూసి కొట్టినవే. స్కోప్‌తో నేర్చుకున్న ఊపిరీ, ట్రిగ్గరూ, గ్రూపింగూ అన్నీ అక్కడా పనికొస్తాయి, కాబట్టి ఇదేం వృథా కాదు.

వానాకాలంలో రైఫిల్ని గుడ్డ కవర్లో పెట్టి వదిలెయ్యకు, చెమ్మ పీల్చి తుప్పు పట్టిస్తాది, స్కోప్ అద్దానికి బూజు కూడా పడతాది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. ఖాళీ చాంబర్‌తో ఊరికే ట్రిగ్గర్ లాగడం పాయింట్ 22కి మంచిది కాదు, పిన్ను చాంబర్ అంచుకి కొట్టుకుంటాది, పేలిన ఖాళీ తొడుగు ఒకటి లోపల పెట్టి లాగు. మొదటి పెట్టె రౌండ్లు అయ్యాక రింగు స్క్రూలు ఇంకోసారి చూసుకో, కాస్త వదులవుతాయి. 25, 50, 75 దగ్గర కొట్టిన కాగితాలు పారెయ్యకుండా వాటి మీద తారీఖు, రౌండ్ల లాటు నెంబరు, గాలి ఎటుందో రాసి ఫోటోలు పంపు, ఏ దూరానికి ఎన్ని క్లిక్కులో నీకొక చీటీ తయారు చేసి పెడతాను.

మీ మావయ్య,
పర్లాకిమిడి