చేతిలో నాలుగు కుట్టుపనులు ఉన్నప్పుడు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

పెద్దవాడి ప్యాంట్ల అంచులు, చిన్నదాని గౌను, గది కర్టెన్లు, మీ ఆయన చొక్కాకు ఊడిన జేబు, అన్నీ మొదలుపెట్టి ఒక్కటీ తెమలడం లేదని రాశావు. తీరిక లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఒక పని పక్కనపెట్టి ఇంకోటి అందుకున్న ప్రతిసారీ దారం మార్చాలి, బాబిన్ (కిందిదారం చుట్టే చిన్న చక్రం) మార్చాలి, ఒక్కోసారి సూదీ మార్చాలి, ఎక్కడ ఆపామో వెతుక్కోవాలి. చేతికి దొరికిన అరగంటలో సగం అక్కడే ఖర్చయిపోతుంది. ఆ మార్పిళ్ళు తగ్గించుకో, చేతి వేగం పెంచక్కర్లేదు.

ఎప్పుడైనా సరే మూడు పనులకు మించి తెరిచి ఉంచకు: కత్తెర దగ్గర ఒకటి, మిషన్ మీద ఒకటి, చేతికుట్టులో ఒకటి. ఈ మూడింటికీ కావలసిన తీరిక వేరు కాబట్టి ఒకదానికొకటి అడ్డురావు. కత్తిరించడానికి గంటన్నర, రెండు గంటలు ఎవరూ కదిలించకూడదు, గుడ్డంతా పరిచే చోటు కావాలి. పిల్లలు మేలుకుని ఉండగా అది పెట్టుకోకు. మిషన్ పనిని ఇరవై నిమిషాల ముక్కలుగా చేసుకోవచ్చు. గుండీలు, హుక్కులు, హెమ్మింగు ఎక్కడ కూర్చున్నా అవుతాయి కాబట్టి వాటికి మూత గట్టిగా పడే డబ్బా ఒకటి పెట్టుకుని, అందులో ఎన్ని సూదులున్నాయో మూత మీద రాసుకో. పని ముగిశాక లెక్క సరిపోవాలి, చిన్నపిల్లలున్న ఇల్లు. కాలరు, జిప్పు, చంకకు చెయ్యి ఎక్కించడం మాత్రం అలసిపోయిన రాత్రి ముట్టుకోవద్దు. విప్పాల్సి వచ్చేవి ఎక్కువగా అవే.

మరమ్మతులు ఈ మూడింటి లెక్కలోకి రావు. వాటికి వేరే బుట్ట. వారానికి ఒకసారి కూర్చుని బూడిదరంగు దారంతో అన్నీ ముగించెయ్యి, లోపలివైపు పడే కుట్టుకు ఆ రంగు చాలా గుడ్డల మీద కలిసిపోతుంది. చిరుగును ఉతకకముందే కుట్టాలి, ఉతుకులో అది పెద్దదవుతుంది. పొడవు తగ్గించే పని మాత్రం ఉతికాకే. కొత్త కాటన్ ప్యాంటు మొదటి ఒకటి రెండు ఉతుకుల్లో కుంచించుకుంటుంది, ముందే అంచు మడిచేస్తే చీలమండ పైకి వస్తుంది.

ప్రతి పనికీ ఒక సంచి, లోపల ఏముందో కనిపించేది అయితే మంచిది. గుడ్డతోపాటు దాని దారం రీలు, జిప్పు, గుండీలు, ఎలాస్టిక్ అన్నీ అందులోనే ఉండాలి. జిప్పు కోసం ఆగిపోయిన గౌను నెలలు గడిచినా కదలదు. నైలాన్ జిప్పు కావలసిన పొడవు దొరక్కపోతే పెద్దది తీసుకో, కింద పళ్ళ మీదుగా దారంతో ఎనిమిది పది సార్లు బిగించి కుట్టి, అక్కడి నుంచి 1.5 సెం.మీ. వదిలి కత్తిరిస్తే సరిపోతుంది. సంచిలో ఒక చీటీ పెట్టు. ఎవరిది, కొలతలు, అవి తీసిన తేదీ, సూది నంబరు, కుట్టు పొడవు, మార్జిన్ (కుట్టు గీత అవతల వదిలే గుడ్డ) ఎంత వదిలావు, తర్వాత వెయ్యాల్సిన కుట్టు ఏది. ఆ చివరి మాట రాయకుండా మిషన్ దగ్గర నుంచి లేవకు. మిగతావి చాలావరకు మళ్ళీ చూసుకోవచ్చు, అది మాత్రం గుడ్డను చూస్తే తెలియదు.

కత్తిరించే ముందు గుడ్డ తడపడం విసుగనిపించినా మానకు. కాటన్ 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకోవచ్చు. 2 మీటర్ల కర్టెన్‌కు 4 శాతం అంటే 8 సెం.మీ., నేలను తాకే కర్టెన్ గాల్లో వేలాడుతుంది. తర్వాత ఎలా ఉతుకుతావో ఇప్పుడూ అలాగే ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు పరుచు. కొన్న రోజే తడిపేసి పెట్టుకుంటే కత్తిరించే రోజున ఆగాల్సిన పని ఉండదు.

పిల్లల కొలతలు కత్తెర పెట్టే రోజున తీసుకో, పాతవి నమ్మకు. గౌనుకు పక్కల 2.5 సెం.మీ. మార్జిన్, కింద 6 నుంచి 8 సెం.మీ. మడత వదిలితే ఇంకొంతకాలం వస్తుంది.

ఒకేసారి నాలుగు బట్టలు కత్తిరించి పెట్టుకుంటే పని సగం అయినట్టు అనిపిస్తుంది, నాకైతే అది నచ్చదు. కత్తిరించిన ముక్క పాడవుతూ ఉంటుంది. అంచు పోగులు లేస్తాయి, మెడ దగ్గర ఐమూలగా తెగిన భాగం సంచిలో నలిగి సాగిపోతుంది. ముక్క వెంటనే కుట్టేది కాకపోతే అదే రోజు మెడకు మార్జిన్ లోపల, అసలు కుట్టు గీతకు 3 మి.మీ. ఇవతల, భుజం నుంచి మధ్యకు రెండు వైపులా ఒక్కో వరస మిషన్ కుట్టు వెయ్యి. ఇక ఆ మెడ సాగదు. గుర్తుల సంగతి కూడా చూసుకో. సుద్ద గీత వారంలో రాలిపోతుంది. గాలికి మాయమయ్యే పెన్నుతో పెట్టినవి ఒకటి రెండు రోజులే ఉంటాయి. నీటితో పోయే పెన్ను మీద ఇస్త్రీ పెడితే మరక శాశ్వతంగా ఉండిపోవచ్చు. ఆగిపోతుందని అనుమానం ఉన్న పనికి దారంతోనే గుర్తులు వెయ్యి. రెండు వైపులా ఒకేలా కనిపించే గుడ్డయితే ప్రతి ముక్క లోపలివైపు చిన్న టేపు ముక్క అంటించు, లేకపోతే రెండు చేతులూ ఒకే వైపువి తయారవుతాయి.

మిషన్ ముందు కూర్చున్నప్పుడు బట్టను బట్టి పని ఎంచుకోకు, ఎక్కించిన దారాన్ని బట్టి ఎంచుకో. తెల్లదారం ఉందంటే గౌను లైనింగు, దిండు గలీబులు, బనీను చిరుగు, ఆ దారంతో అయ్యేవన్నీ ముగించాకే తియ్యి. లేత రంగుల నుంచి ముదురు రంగులకు, పలచటి గుడ్డ నుంచి మందపు గుడ్డకు వెళ్ళు. నల్ల జీన్స్ కుట్టాక మిషన్‌లో గుడ్డను జరిపే కింది పళ్ళ మధ్య చేరిన నూగు తర్వాతి తెల్లగుడ్డకు అంటుకుంటుంది. జీన్స్ పని అయ్యాక సూది కింది ప్లేటు విప్పి బ్రష్‌తో దులిపి, నూనె అవసరమైన మిషన్ అయితే ఒకటి రెండు చుక్కలు వేసి, పనికిరాని గుడ్డ మీద కాసేపు తొక్కి వదిలెయ్యి. అప్పుడు మర్నాటి గుడ్డకు మరకపడదు.

పలచటి వాయిల్, రేయాన్‌కు 11 నంబరు సూది, మామూలు కాటన్‌కు 14, జీన్స్‌కు 16, అంతకన్నా మందమైన కాన్వాస్‌కు 18. టీషర్టు గుడ్డలాంటి సాగేవాటికి మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది కావాలి, మామూలు సూది వాటిలో కుట్లు వదిలేస్తుంది, పోగు తెంపి చిల్లు కూడా పెడుతుంది. ఒక సూదిని సుమారు 8 గంటల కుట్టు దాకా వాడొచ్చు, పాలియెస్టర్ అయితే ఇంకా ముందే మొద్దుబారుతుంది. గుడ్డలోకి దిగేటప్పుడు టక్ టక్‌మని చప్పుడు వస్తే మార్చెయ్యి. ఇప్పుడు మిషన్‌కు ఏ నంబరు సూది ఉందో చిన్న స్టిక్కరు మీద రాసి మిషన్‌కే అంటించు. నాలుగు పనులు నడిచే ఇంట్లో అది ఎవరికీ గుర్తుండదు.

బాబిన్లు ముందే నింపి పెట్టుకో: తెలుపు, నలుపు, బూడిదరంగు, ఇప్పుడు నడుస్తున్న గుడ్డ రంగు. ఒక మీటరు కుట్టుకు పైదారం, కిందిదారం కలిపి రెండున్నర నుంచి మూడు మీటర్లు పడుతుంది. ఈ లెక్క కర్టెన్లప్పుడు పనికొస్తుంది. పాలియెస్టర్ దారాన్ని మరీ వేగంగా చుడితే సాగి బాబిన్ మీదకెక్కుతుంది, కుట్టాక వెనక్కి లాక్కుంటుంది, కుట్టంతా ముడతలు పడుతుంది. టెన్షన్, అంటే దారం బిగువు, తప్పిందనుకుని స్క్రూ తిప్పేవాళ్ళు చాలామంది. గుడ్డ అడుగున దారం ఉచ్చులుగా వస్తోందంటే కూడా బాబిన్‌ను తిట్టకు, తప్పు పైన ఉంటుంది. ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే పాదం) దించి ఉండగా దారం ఎక్కిస్తే, అది బిగువునిచ్చే టెన్షన్ డిస్కుల మధ్యకు దిగదు. ఫుట్ పైకెత్తి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించు. తొందరలో దారం మార్చేటప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే.

నేరు కుట్లు ఉన్నవి వరసగా తోసెయ్యి. నాలుగు గలీబుల పక్కలు, ఒకటి అయ్యాక దారం తెంపకుండా రెండోది ఫుట్ కిందకు. మొదట్లో, చివర్లో నాలుగు రివర్స్ కుట్లు మాత్రం ప్రతిదానికీ ఉండాలి. ఇస్త్రీ కూడా గుంపుగానే. ఒక కుట్టును ఇంకో కుట్టు అడ్డంగా దాటేలోపు మొదటిదానికి ఇస్త్రీ పడాలి, అంతే నియమం. దాటని కుట్లు ఎన్నైనా వేసుకుని ఒకేసారి పెట్టెతో నొక్కొచ్చు. ముందు కుట్టిన తీరునే నొక్కి, తర్వాత విడదీసి నొక్కు. కాలర్లకు, పట్టీలకు పేస్టింగు (వేడికి అంటుకుని గట్టిదనమిచ్చే లోపలి గుడ్డ) కూడా ఆ వేడిలోనే అయిపోతుంది. పెట్టెను జరపకుండా ఒక్కోచోట 10 నుంచి 15 సెకన్లు ఆనించి ఉంచి, చల్లారేదాకా ముక్కను కదపకు, వేడిమీద ఎత్తితే తర్వాత బుడగలు లేస్తాయి.

ఎక్కడ ఆపాలన్నదీ ముందే అనుకో. భుజాలు కలిపి ఇస్త్రీ అయ్యాక ఆగొచ్చు, చేతులు ఎక్కించే ముందు ఆగొచ్చు. జిప్పు ఒక వైపు కుట్టి, కాలరు సగం తిప్పి, చంకలో సగం దూరం వెళ్ళి ఆపకూడదు. అక్కడ గుడ్డను వేళ్ళతో సర్దుకుంటూ వచ్చిన కొలత రెండు రోజుల తర్వాత దొరకదు. వారం పైన ఆగేలా ఉంటే గుండుసూదులు తీసేసి క్లిప్పులు పెట్టు, సూదులు తుప్పు మరక వదులుతాయి.

ఎవరికైనా ఫలానా రోజుకు కావాలంటే, వారం ముందే తొడిగించి చూసేలా లెక్కేసుకో. పక్కలకు 4, 5 మి.మీ. పొడవు కుట్టుతో కచ్చాకుట్టు వేసి తొడిగిస్తే విప్పడానికి నిమిషం చాలు. చివరి మూడు రోజుల్లో అంచు మడవడం, గుండీలు తప్ప ఇంకేమీ మిగలకూడదు.

నీ చేతిలో ఉన్నవాటిలో ముందు ప్యాంట్లు తీసుకో. జీన్స్ అంచు పక్క కుట్టు దగ్గర మెట్టులా లేస్తుంది, ఫుట్ ముందుభాగం పైకి తేలి కుట్లు తప్పుతాయి. ఆ మడతను సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి అణచు. మెట్టు దగ్గరికి రాగానే ఫుట్ వెనక భాగం కింద అదే మందంలో మడిచిన గుడ్డముక్క పెట్టు, ఫుట్ సమంగా నిలుస్తుంది. కుట్టు పొడవు 3 మి.మీ. ఉంచి, అక్కడ చేత్తో చక్రం తిప్పుతూ దాటు.

తర్వాత కర్టెన్లు. రాడ్డు 150 సెం.మీ. అయితే కుచ్చు బాగా రావడానికి రెండింతలు, అంటే రెండు తెరలు ఒక్కోటి 150 సెం.మీ., పక్కల రెండు మడతలకు ఇంకో 10. కింద 10 సెం.మీ. అంచు రెండు మడతలకు 20 పోతుంది. పైభాగం, పక్కలు కుట్టి ఒకటి రెండు రోజులు వేలాడదీసి, గుడ్డ దిగాక అప్పుడు కింది అంచు మడువు.

గౌను సంచి మూడు నెలలు దాటిందని రాశావు. అది తెరిచే ముందు పిల్ల కొలత మళ్ళీ తీసుకో. ఛాతీ కాస్త పెరిగి ఉంటే పక్క మార్జిన్లలో ప్రతి అంచుకూ 1 సెం.మీ. వదులు, చుట్టూ కలిపి 4 సెం.మీ. దొరుకుతుంది. దానికీ సరిపోకపోతే పైభాగాన్ని పట్టుకుని లాగకు. కింది కుచ్చుల భాగం విడదీసి ఎలాస్టిక్ స్కర్టు చెయ్యి. నడుము కొలతలో 5 సెం.మీ. తగ్గించి 2.5 సెం.మీ. వెడల్పు ఎలాస్టిక్ కత్తిరించు. పైన 3 సెం.మీ. గొట్టంలా మడిచి కుట్టి, వెనక 5 సెం.మీ. సందు వదులు. పిన్నీసుతో ఎలాస్టిక్ దూర్చి, మెలిక పడలేదని వేళ్ళతో తడిమి చూసి, కొసలు 2 సెం.మీ. ఒకదాని మీద ఒకటి పెట్టి జిగ్‌జాగ్ వెయ్యి. పిల్లకు తొడిగి చూశాకే ఆ సందు మూసెయ్యి.

నీ పెద్దమ్మ