దర్శనం అయ్యాక ఒక పూట మిగిలితే చంద్రగిరి కోటకు వెళ్ళొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: శనివారం రాత్రికి తిరుగు రైలు, శుక్రవారం ఉదయానికే దర్శనం అయిపోతుంది, పిల్లలతో చంద్రగిరి వెళ్తే బాగుంటుందా, మైసూరు ప్యాలెస్‌లా ఉంటుందా అని.

ముందు అసలు మాట. శుక్రవారం వెళ్ళకండి. కోటలో రాజమహల్ అనే మేడలో ఉన్న మ్యూజియంకు ఆ రోజు సెలవు. మేం తిరుపతివాళ్ళమై ఉండి కూడా ఈ పొరపాటు చేశాం. మా అక్క, బావ హైదరాబాద్ నుంచి వస్తే మే నెల ఎండలో ఆటో మాట్లాడుకుని మరీ తీసుకెళ్ళాను. తాళం చూసి బావ ఏమీ అనలేదు, నా వైపు చూశాడంతే. ఆ చూపు ఇప్పటికీ గుర్తే. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. మీరూ శనివారం ఉదయమే పెట్టుకోండి. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే, బస్సులకు కొదవ లేదు.

మైసూరుతో పోల్చుకుని వెళ్తే మాత్రం నిరాశే. అద్దాలు, సింహాసనాలు, దీపాల వెలుగు ఇక్కడ లేవు. వెనక పెద్ద బండకొండ, దాని కింద రాజమహల్, కాస్త పక్కగా రాణీమహల్. రాణీమహల్ అన్నది పేరుకే. కింది అంతస్తు చూస్తే నాకైతే గుర్రాల శాలే గుర్తొస్తుంది.

పిల్లలకు పని పెట్టాలంటే రాజమహల్ మంచి చోటు. ఈ మూడంతస్తుల మేడను రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారనీ, కట్టడంలో కర్ర వాడలేదనీ చెప్తారు. ఈ మాట వినగానే మా మేనకోడలు దూలం కోసం వెతకడం మొదలుపెట్టింది. ప్రతి గదిలోనూ తల పైకెత్తి చూడటమే. ఎక్కడ చూసినా కమాను మీద కమాను, విల్లులా వంగిన ఇటుక కప్పు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల మందపాటి గోడకు చెయ్యి ఆనిస్తే చల్లగా ఉంది. అరగంట వెతికి, "మామా, నిజంగానే లేదు" అని ఒప్పుకుంది. శిల్పాలు, శాసనాల దగ్గర అంతసేపు నిలబడలేదనుకోండి.

కాస్త చరిత్ర తెలుసుకుని వెళ్తే ఆ ఖాళీ గదులు ఖాళీగా అనిపించవు. సాళువ నరసింహుడు విజయనగర సింహాసనం ఎక్కక ముందు ఏలింది ఈ చంద్రగిరినే. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత హంపి పాడుబడింది. రాజధాని పెనుకొండకు, వేంకటపతి రాయల కాలంలో అక్కడి నుంచి చంద్రగిరికి మారింది. అంటే మీరు చూసేది వైభవం నాటి హంపి కాదు, అంతా పోయాక మిగిలినదాన్ని కాపాడుకున్న చోటు. చెన్నై వాళ్ళెవరైనా మీతో ఉంటే ఇంకోటి చెప్పండి. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసులో స్థలం ఇచ్చిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు చంద్రగిరి రాజు కింది నాయకుడే. ఆ సంతకం ఈ మహల్లోనే జరిగిందని మా వైపు గొప్పగా చెప్పుకుంటారు. నేనూ చెప్తాను.

తిరిగొచ్చేటప్పుడు దారిలో శ్రీనివాస మంగాపురం గుడి చూసుకోండి. తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి అటే. కాళ్ళు సహకరిస్తే రెండు వేల పైచిలుకు మెట్లు, కానీ పిల్లలతో కోట చూసిన రోజే ఆ సాహసం వద్దు.

తిండి సంగతి. రాగి సంగటి, నాటుకోడి పులుసు మా వైపు వచ్చి తినకుండా పోకూడదు. గుడికి కూడా వెళ్ళేట్టయితే అది ముగించుకునే తినండి. మేం ఆ రోజు మ్యూజియంలో ఆలస్యం చేసి, బయటికొచ్చేసరికి రెండు దాటింది. కోటలోని కోనేటి గట్టున కూర్చుని మా అక్క పాత కథ ఎత్తుకుంది: తిరుమలలో స్వామికి నైవేద్యం అయ్యాక గంట కొడితే, ఆ గంట విని ఇంకో మండపంలో ఇంకో గంట, అలా చంద్రగిరి దాకా వినిపించాకే రాయలవారు భోజనానికి కూర్చునేవారట. మేనకోడలు అంతా విని, "స్వామి తినేసుంటాడు, ఇక పదండి" అంది.