సీనియర్ దగ్గర నడిచిన జాంగో ప్రాజెక్ట్ నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు నడవట్లేదు?

ప్రశ్న: మాది రాజాం దగ్గర ఊరు. బీటెక్ ఫైనల్ ఇయర్. సీనియర్ ఒకాయన కొన్నేళ్ల కిందట చేసిన జాంగో ప్రాజెక్ట్ (పైథాన్‌తో కట్టిన వెబ్ యాప్) జిప్ చేసి ఇచ్చారు. నాది విండోస్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. రెండు రోజులుగా కూర్చున్నా రన్ అవ్వట్లేదు. ఒకసారి మాడ్యూల్ లేదంటుంది, ఇంకోసారి విజువల్ సీ ప్లస్ ప్లస్ కావాలంటుంది. ఫ్రెండ్స్ డాకర్ పెట్టుకో అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నా?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ డాకర్ సంగతి పక్కన పెట్టెయ్. యాప్‌నీ దానికి కావాల్సినవన్నీ ఒకే డబ్బాలో కట్టి నడిపే సాధనం అది, మంచిదే, నేనూ వాడతాను. కానీ విండోస్‌లో దానికింద మామూలుగా డబ్ల్యూఎస్‌ఎల్ 2 (విండోస్ లోపల లైనక్స్ నడిపేది) నడవాలి, అది ర్యామ్‌లో సగం దాకా లాగేసుకోగలదు, ఆ మిగిలిన సగంలో నువ్వు బ్రౌజరూ ఎడిటరూ తెరిస్తే ఫ్యాను రైస్ మిల్లులా మోగుతుంది. పైగా ఒక్కో ఇమేజ్ (డాకర్ దించుకునే డబ్బా) వందల ఎంబీలు, హాట్‌స్పాట్ డేటా సాయంత్రానికి అయిపోతుంది. అయినా నీ ఇబ్బంది అసలు అది కాదు. మీ సీనియర్ మెషీన్లో ఏ వెర్షన్లు ఉన్నాయో నీకు తెలీదు, తెలీకుండానే ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోతున్నావు. ఇదే పని నేనూ చేశాను కాబట్టి చెప్తున్నాను.

2017లో పలాసలో మా మావయ్య జీడి ఫ్యాక్టరీకి స్టాక్ లెక్కల యాప్ ఒకటి రాశాను, జాంగో 1.11 మీద. ఎన్ని బస్తాల పిక్కలు దిగాయి (బస్తా అంటే 80 కేజీలు), ఎంత పప్పు తేలింది, ఎవరికి ఎంత పంపాం, అంతే. ఏ ప్యాకేజీ కావాలంటే అది పిప్ (పైథాన్ ప్యాకేజీలు దించి పెట్టే టూల్) ఇన్‌స్టాల్ కొట్టుకుంటూ పోయాను, వెర్షన్లు ఎక్కడా రాసిపెట్టుకోలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర్లోనే తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు ఎలా కూలిపోయాయో నీకు చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ ఆఫీసు గది మీద రేకు లేచిపోయి కంప్యూటర్ మీద రాత్రంతా వాన కురిసింది. పెన్‌డ్రైవ్‌లో కోడూ, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలూ మాత్రం మిగిలాయి. రోజుల తర్వాత కరెంటొచ్చింది, ఎవరిదో పాత కంప్యూటర్ తెచ్చి పెట్టుకుని, వెర్షన్ నంబరేమీ ఇవ్వకుండా జాంగో ఇన్‌స్టాల్ చేశాను. అప్పటికి కొత్తది 2.1, అదే దిగింది. సర్వర్ ఆన్ చేయగానే ‘ఆన్ డిలీట్’ అనే ఆర్గ్యుమెంట్ లేదని ఎర్రర్.

జాంగో 2.0 నుంచి ఫారిన్ కీకి (ఒక టేబుల్‌ని ఇంకో టేబుల్‌తో కలిపే లింకు) ఆన్ డిలీట్ రాయడం తప్పనిసరి చేశారు, 1.11లో రాయకపోయినా నడిచిపోయేది. నాకది తెలీదు. పెన్‌డ్రైవ్ కూడా తడిసి ఫైళ్లు పాడయ్యాయేమో అనుకుని, ఒక పూటంతా ఫైలు తర్వాత ఫైలు తెరిచి చూస్తూ కూర్చున్నాను. మావయ్య వెనకాల నిలబడి, “ఏటల్లుడా, మొన్నటి దాకా ఆడింది ఇదే కదేటి? కోడు కూడా తడిసిపోయిందేటి?” అంటున్నాడు. చివరికి 1.11 అని వెర్షన్ చెప్పి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అయిదు నిమిషాల్లో లేచింది.

అందుకని నువ్వు ఇంకేమీ ఇన్‌స్టాల్ చేయకు, ఆ జిప్ ఫోల్డర్ ముందు చదువు. సీనియర్ ఏమీ రాసివ్వకపోయినా ఆయన మెషీన్ ఆనవాళ్లు అందులో చాలానే ఉంటాయి. రిక్వైర్‌మెంట్స్ అనే టెక్స్ట్ ఫైలుంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే సెట్టింగ్స్ ఫైలు తెరువు, పైన కామెంట్‌లో ఈ ప్రాజెక్ట్ ఫలానా జాంగో వెర్షన్‌తో తయారైందని మామూలుగా ఉంటుంది. మైగ్రేషన్స్ ఫోల్డర్లో (డేటాబేస్ మార్పులు రాసుండేది) నంబరుతో మొదలయ్యే ఏ ఫైలు తెరిచినా మొదటి లైన్లో వెర్షనూ, తేదీ కూడా ఉంటాయి, వాటిలో చివరి ఫైలు చూడు, ఎందుకంటే ఆయన మధ్యలో అప్‌గ్రేడ్ చేసుంటే అక్కడే తెలుస్తుంది. పైథాన్ ఏదో తెలియాలంటే పైక్యాష్ ఫోల్డర్లోకి వెళ్లు. ఫైల్ పేర్ల చివర సీపైథాన్-38 అనుంటే అది పైథాన్ 3.8, 310 అనుంటే 3.10.

చాలామంది పొరపాటున వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్క ప్రాజెక్ట్ కోసం విడిగా పెట్టుకునే పైథాన్, దాని ప్యాకేజీలు) ఫోల్డర్ కూడా జిప్ చేసి ఇచ్చేస్తారు. అది నీ దగ్గర నడవదు, అందులో ఆయన కంప్యూటర్ దారులన్నీ అలాగే రాసుంటాయి. డిలీట్ చేయాల్సిందే, కానీ చేసే ముందు అందులో పైవెన్వ్ అనే కాన్ఫిగ్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు, పైథాన్ వెర్షన్ అక్షరాలా ఉంటుంది. సైట్-ప్యాకేజెస్ లోపలికి వెళ్తే డిస్ట్-ఇన్ఫో అని తోకలున్న ఫోల్డర్లు కనిపిస్తాయి, ఒక్కో పేరులో ఆ ప్యాకేజీ, దాని వెర్షనూ. రిక్వైర్‌మెంట్స్ ఫైలు లేకపోయినా అక్కడి నుంచి చూసి నువ్వే రాసుకోవచ్చు. నాకు తిత్లీ అప్పుడు ఇది కూడా లేదు.

ఇప్పుడు ఆ విజువల్ సీ ప్లస్ ప్లస్ గోల. నెట్‌లో వెతికితే మైక్రోసాఫ్ట్ బిల్డ్ టూల్స్ దించుకో అంటారు, కొన్ని జీబీలు, దించకు. జరిగేది ఏంటంటే, పిల్లో (బొమ్మలకి), సైకాప్‌జీ2 (పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కి) లాంటి ప్యాకేజీల్లో సీ కోడ్ ఉంటుంది. వాటిని ముందే కంపైల్ చేసి ‘వీల్’ అనే ఫైలుగా పెడతారు, వండి డబ్బాలో పెట్టినట్టు. అయితే ఏ పైథాన్ వెర్షన్ డబ్బా ఆ వెర్షన్‌దే. నీ దగ్గర కొత్త పైథాన్ ఉండి, ప్రాజెక్ట్ పాత పిల్లో అడిగితే, ఆ జంటకి వీల్ ఎవరూ చేసి ఉండరు, ఆ పిల్లో వచ్చేనాటికి నీ పైథాన్ పుట్టనే లేదు. అప్పుడు పిప్ బియ్యం తెచ్చుకుని మొదట్నుంచీ వండబోతుంది, పొయ్యి లేదు అని నీకు ఆ ఎర్రర్ చూపిస్తుంది. ఆ కాలం పైథాన్ పెట్టుకుంటే పొయ్యి అవసరమే రాదు. డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్ లేదన్న ఎర్రర్ వచ్చినా ఎక్కువసార్లు కారణం ఇదే, పైథాన్ 3.12లో దాన్ని తీసేశారు, పాత ప్యాకేజీలు కొన్ని ఇంకా దాన్నే వెతుక్కుంటాయి.

గుర్తుంచుకోవడానికి: జాంగో 2.2 అయితే పైథాన్ 3.9 దాటకు, 3.2 అయితే 3.10 దాటకు, 4.2 అయితే 3.12 వరకూ పర్వాలేదు. పైథాన్ సైట్‌లో పాత వెర్షన్ దించేటప్పుడు ఇంకో చిక్కుంది. 3.8లో అన్నిటికంటే చివరిది 3.8.20, కానీ దానికి విండోస్ ఇన్‌స్టాలర్ ఉండదు, కిందకి దిగుతూ 3.8.10 దగ్గర ఆగాలి. 3.9కి 3.9.13, 3.10కి 3.10.11. కొత్త పైథాన్ తీసేయక్కర్లేదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి.

(కమాండ్లు పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాను, నువ్వు టెర్మినల్లో ఇంగ్లీషులో కొట్టుకో.)

పీవై మైనస్ సున్నా అని కొడితే నీ దగ్గరున్న పైథాన్లన్నీ చూపిస్తుంది. పీవై మైనస్ 3.8 మైనస్ ఎమ్ వెన్వ్ ఎన్వీ అంటే ఆ పైథాన్‌తోనే ఎన్వీ అనే పేరుతో ఎన్విరాన్‌మెంట్ తయారవుతుంది. దాన్ని యాక్టివేట్ చేసేటప్పుడు పవర్‌షెల్‌లో ఎర్ర అక్షరాలతో స్క్రిప్టులు నడపడం కుదరదు అంటుంది, టెన్షన్ పడకు, మామూలు కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుని అక్కడ యాక్టివేట్ చెయ్. లైన్ మొదట్లో బ్రాకెట్లో ఎన్వీ అని కనిపిస్తేనే ముందుకెళ్లు. నీకు మాడ్యూల్ లేదన్న ఎర్రర్ ఎక్కువగా ఇక్కడే వచ్చుంటుంది, నువ్వు ఇన్‌స్టాల్ చేసింది ఒక పైథాన్‌లో, రన్ చేసేది ఇంకో పైథాన్‌తో. అందుకే ఒట్టి పిప్ అనకుండా ఎప్పుడూ పైథాన్ మైనస్ ఎమ్ పిప్ అని కొట్టడం అలవాటు చేసుకో, ఏ పైథాన్‌తో రన్ చేస్తున్నావో సామాను దానికే వెళ్తుంది.

నెట్ గురించి. కాలేజీలోనో ఎవరి రూములోనో వైఫై దొరికినప్పుడు ఇదే ల్యాప్‌టాప్‌లో, ఇదే ఎన్విరాన్‌మెంట్ ఆన్ చేసి, పిప్ డౌన్‌లోడ్‌కి మైనస్ ఆర్ రిక్వైర్‌మెంట్స్ ఫైలు, మైనస్ డీ ఒక ఫోల్డర్ పేరు ఇవ్వు. వీల్స్ అన్నీ అందులో పడతాయి. తర్వాత ఇంటికొచ్చి పిప్ ఇన్‌స్టాల్‌కి మైనస్ మైనస్ నో-ఇండెక్స్, మైనస్ మైనస్ ఫైండ్-లింక్స్ ఆ ఫోల్డర్, మైనస్ ఆర్ రిక్వైర్‌మెంట్స్ ఫైలు అంటే నెట్ లేకుండానే అయిపోతుంది. ఎన్నిసార్లు డిలీట్ చేసి మళ్లీ చేసుకున్నా ఒక్క ఎంబీ ఖర్చవదు. మావయ్య ఫ్యాక్టరీ పెన్‌డ్రైవ్‌లో అలాంటి ఫోల్డర్ ఒకటి ఇప్పటికీ ఉంది.

ఇక మిగతావి చిన్నవి. సీక్రెట్ కీ లేదంటే ఆయన దగ్గరున్న డాట్ ఎన్వ్ ఫైలు (రహస్య కీలు రాసుకునేది) నీకు రాలేదని, అడిగి తెచ్చుకో, లేదా ఏదో పొడుగాటి స్ట్రింగ్ నువ్వే పెట్టుకో. 5432 పోర్టుకి కనెక్ట్ అవ్వట్లేదంటే ఆయన పోస్ట్‌గ్రెస్ వాడారని, మోడల్స్‌లో అర్రే ఫీల్డ్ లాంటివి (పోస్ట్‌గ్రెస్‌లోనే నడిచేవి) లేకపోతే ఎస్‌క్యూలైట్‌కి మార్చేసుకో. టేబుల్ లేదంటే మైగ్రేట్ కొట్టలేదని. ఎర్రర్ ఎంత పొడుగున్నా కింది నుంచి పైకి చదువు, అసలు మాట చివరి లైన్లోనే ఉంటుంది.

ఎర్రరే రాని తప్పు ఒకటుంది, అది నన్ను బాగా ఏడిపించింది. జాంగో ప్రాజెక్ట్ తయారుచేయగానే టైమ్ జోన్ యూటీసీ అని ఉంటుంది, మన టైమ్ దానికంటే అయిదున్నర గంటలు ముందు. పగలు టెస్ట్ చేసినన్నాళ్లూ తేదీ సరిగ్గానే కనిపించింది, గంటల వైపు ఎవరూ చూడలేదు. పిక్కల లారీ తెల్లారి అయిదింటికి వస్తే ఆ లోడు నిన్నటి తేదీలో పడేది, ఏడింటికి వచ్చింది ఈరోజు తేదీలో. నెలాఖరున మావయ్య నోటు పుస్తకం పక్కన పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో లైనూ చూపిస్తూ, “నేను 18న దింపుకున్న లోడు నీ మిషన్లో 17న ఎలాగ దిగింది?” అన్నాడు. సెట్టింగ్స్‌లో ఏషియా/కోల్‌కతా అని మార్చి దండం పెట్టాను. నీ ప్రాజెక్ట్‌లో అటెండెన్స్, బుకింగ్ లాంటివేమైనా ఉంటే ముందే చూసుకో, వైవాలో ఎవరైనా పట్టుకుంటే బాగోదు.

వైవా అంటే గుర్తొచ్చింది, ఫోన్లో కూడా చూపించాలనుకుంటే రన్‌సర్వర్ తర్వాత 0.0.0.0:8000 ఇవ్వు, సెట్టింగ్స్ ఫైల్లోని అలౌడ్ హోస్ట్స్‌లో ల్యాప్‌టాప్ ఐపీ చేర్చు, ఫోన్ బ్రౌజర్లో ఆ ఐపీ, పక్కన 8000 కొట్టు. అప్పటికీ రాకపోతే విండోస్ నీ హాట్‌స్పాట్‌ని పబ్లిక్ నెట్‌వర్క్‌గా వేసుకుని ఫైర్‌వాల్‌లో ఆపేసి ఉంటుంది, వైఫై సెట్టింగ్స్‌లో దాన్ని ప్రైవేట్‌కి మార్చు. ఇంకా ఎక్కడైనా ఆగితే ఆ చివరి లైన్ ఇక్కడ పెట్టు, దాంతోపాటు పీవై మైనస్ సున్నా ఏం చూపించిందో కూడా.