టీవీలో తొలిసారి మాట్లాడబోతున్నారా?

ప్రశ్న: రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కీటకశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పత్తిలో గులాబీ రంగు పురుగుపై లైవ్ ఫోన్‌ఇన్ కార్యక్రమానికి రమ్మని రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. మా గైడ్ ఊళ్లో లేనందున నన్ను వెళ్లమన్నారు. సెమినార్లలో తప్ప నేనెక్కడా మాట్లాడలేదు. అంతా రాసుకుని బట్టీ పట్టాలా? ప్రశ్నలు ముందే ఇస్తారా? తెలియనిది అడిగితే ఏం చెప్పాలి? ఎలాంటి చీర కట్టుకోవాలి?

జవాబు: తప్పకుండా వెళ్లండి. రేపు మీరు కృషి విజ్ఞాన కేంద్రంలో చేరినా, పరిశోధన స్థానంలో చేరినా రైతుతో మాట్లాడటం రోజువారీ పనే. అయితే విశ్వవిద్యాలయం తరఫున మాట్లాడుతున్నారు కాబట్టి గైడ్ నోటిమాటతో సరిపెట్టుకోకుండా విభాగాధిపతికి ఒక లేఖ ఇచ్చి అనుమతి తీసుకోండి.

బట్టీ మాత్రం వద్దు. యాంకర్ ప్రశ్నను కాస్త మార్చి అడిగితే బట్టీ పట్టిన వాక్యం గొంతులోనే ఆగిపోతుంది. పైగా సెమినార్‌లో నేపథ్యం, పద్ధతి, ఫలితం చెప్పాక చివర్లో సిఫార్సు చెబుతారు. టీవీలో ఆ వరుస తలకిందులు కావాలి. రైతు ఏం చేయాలో ముందు, ఎందుకో తర్వాత. పురుగు సోకినట్లు ఎలా తెలుస్తుందని అడిగితే జీవితచక్రం దగ్గర మొదలుపెట్టకండి. ‘చేలో విచ్చుకోని పూల కోసం చూడండి. రేకులు ముడుచుకుని గులాబీ మొగ్గలా ఉంటే అది గుడ్డిపువ్వు, లోపల పురుగు ఉంటుంది. తెంపి నాశనం చేయండి’ అంటే చాలు. తర్వాత లింగాకర్షక బుట్టల (ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) సంగతి: వరుసగా 3 రాత్రులు ఒక్కో బుట్టలో 8 చొప్పున రెక్కల పురుగులు పడితే మందు కొట్టాల్సిన దశ వచ్చినట్లే. మూడోది, పంటను డిసెంబరు దాటి పొడిగించవద్దని. ఏ ప్రశ్న వచ్చినా ఈ మూడూ చెప్పకుండా స్టూడియో దాటి రాకండి. హెక్టారు లెక్కలన్నీ ముందే ఎకరాల్లోకి మార్చుకోండి.

ప్రశ్నలు ముందే ఇస్తారా అంటే, చర్చించే అంశాలను ప్రొడ్యూసర్‌ను అడిగి తెలుసుకోవచ్చు. ఫోన్ చేసే రైతు ఏం అడుగుతాడో ఆయనకూ తెలియదు. ‘బీటీ విత్తనం వేసినా పురుగెందుకు వస్తోంది?’ అని మాత్రం కచ్చితంగా అడుగుతారు. నేను అన్నిటికంటే ఎక్కువగా సిద్ధం కమ్మనేది ఈ జవాబుకే. బీటీ అంటే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా మార్చిన విత్తనం; పురుగు ఆ విషాన్ని తట్టుకునే శక్తి తెచ్చుకుందని సూటిగా చెప్పండి. విషాన్ని తట్టుకోలేని పురుగులు కూడా బతికి ఉండేందుకు గతంలో 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో విడిగా ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాన్ని చేను చుట్టూ వేయకపోవడం కూడా ఒక కారణమే. కానీ దాన్ని రైతు మీద నేరంలా మోపితే ఆ తర్వాత మీరు చెప్పేది ఎవరూ వినరు. పంట పోయినవాడు ఫోన్ చేసినప్పుడు ముందు అతని మాట పూర్తిగా విని, ఎన్ని ఎకరాలు, ఎప్పుడు విత్తారు, ఏ మందు కొట్టారు అని అడిగి అప్పుడు జవాబు చెప్పండి. నష్టపరిహారం గురించో, విత్తన కంపెనీపై కేసు గురించో అడిగితే అది వ్యవసాయాధికారి చెప్పాల్సిన విషయమని మర్యాదగా తప్పుకోండి.

తెలియనిదానికి తెలియదనే చెప్పండి. మందు మోతాదు విషయంలో ఈ మాటను మరీ పట్టుదలగా పాటించాలి. మిల్లీలీటర్లకూ గ్రాములకూ తడబడి మీరు చెప్పిన అంకెను టీవీ ముందు కూర్చున్న రైతు ఒకరు కాగితం మీద రాసుకుంటుంటారు. మోతాదులున్న చిన్న కాగితం దగ్గర పెట్టుకుని, చూసి చెప్పడంలో చిన్నతనం లేదు. అనుమానం ఉంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు చేయమనండి.

ఇక చీర, నగలు. వెనక తెర ఆకుపచ్చ అయితే ఆ రంగు చీర తెరలో కలిసిపోతుంది కాబట్టి తెర రంగు ముందే అడగండి. సన్నటి గళ్లు, గీతలు కెమెరాలో మినుకుమినుకుమంటాయి. గలగలలాడే గాజులు, మైకుకు రాసుకునే పట్టు చీర వద్దు. సాదా నూలు చీర కట్టుకోండి. ఫోన్ ఆపేయండి. పక్కనున్న మానిటర్‌లో మిమ్మల్ని మీరు చూసుకోకండి. యాంకర్‌ను చూసి మాట్లాడండి, రైతు లైన్లో ఉన్నప్పుడు ఏ కెమెరా వైపు చూడాలో ఫ్లోర్ మేనేజర్‌ను అడగండి. మైకు తీసేదాకా మీ మాట బయటికి వినిపిస్తున్నట్లే లెక్క.

ఈ వారంలో రెండుసార్లు పత్తి పండించే బంధువెవరికైనా ఫోన్ చేసి, ప్రశ్నలు అడగమని చెప్పి జవాబులు రికార్డు చేసుకుని వినండి. ఆయనకు అర్థం కాని చోటే మీరు సరిదిద్దుకోవాల్సింది. ఆ రోజు రాజేంద్రనగర్ నుంచి నగరానికి అటువైపున్న రామంతాపూర్‌కు వెళ్లాలి కాబట్టి పెందలాడే బయల్దేరండి, కార్యక్రమానికి గంట ముందు అక్కడ ఉండేలా చూసుకోండి. మేకప్‌కు, మైకు పెట్టడానికి ఆ సమయం కావాలి.