సిగ్నల్ అందని కొండదారిలో మ్యాపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను గుణుపురంలో చిన్న గూడ్సు బండి నడుపుతూ పుట్టాసింగి వైపు సవర గ్రామాలకు కిరాణా సరుకులు చేరవేస్తుంటాను. కొండ ఎక్కగానే ఫోన్‌లో సిగ్నల్ పోతుంది, దానితోపాటే మ్యాపూ పోతుంది. ఇంటర్నెట్ లేకుండా పనిచేసే మ్యాపు ఏదైనా ఉన్నదా? అందులో మా ఊళ్ల పేర్లు తెలుగులో కనిపిస్తాయా?
— ఒక డ్రైవరు, గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా

జవాబు: సిగ్నల్‌తోపాటు పోయేది మ్యాపు బొమ్మ మాత్రమే, జీపీఎస్ ఎక్కడికీ పోదు. ఒకసారి నేను పర్లాకిమిడి నుంచి సెరంగో వెళ్తుండగా ఫోన్ తెరంతా బూడిద రంగు గళ్లుగా మారిపోయింది. వాటి మధ్య నీలం చుక్క మాత్రం బండితోపాటే కదులుతూ ఉన్నది. మనం ఎక్కడ ఉన్నామో ఫోన్‌కు తెలుసు, చుట్టూ ఏమున్నదో చూపే బొమ్మే దాని దగ్గర లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సంకేతాలు పంపుతుంటాయి. ఫోన్ వాటిని వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు కనుక టవరుతోగానీ రీచార్జితోగానీ దానికి పని లేదు. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే చాలు.

అయితే ఒక చిక్కున్నది. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకొకసారి పంపుతుంది. నెట్ ఉన్నప్పుడు ఫోన్ ఈ వివరాలను ఇంటర్నెట్ నుంచి వెంటనే తెచ్చుకుంటుంది; లేనప్పుడు ఆకాశం నుంచే నింపాదిగా వినవలసి ఉంటుంది. కొండ మీద ఫోన్ ఆపి మళ్లీ వెలిగించి, చుక్క రాలేదని కంగారుపడేవారు చాలామంది ఉన్నారు. చెట్ల నీడ లేని చోట బండి ఆపి, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. అంతకంటే మేలైన పని, గుణుపురంలోనే మ్యాపు తెరిచి చుక్క కుదిరాక బయలుదేరడం.

ఇక మ్యాపు సంగతి. ఓస్మ్‌యాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ అనే రెండు ఓపెన్ సోర్స్ యాప్‌లు ఇంటి దగ్గర ఒకసారి దించుకున్న మ్యాపుతో నెట్ లేకుండానే దారి చూపుతాయి. గూగుల్ ప్లేలో దొరికే ఓస్మ్‌యాండ్ ఉచిత రూపంలో మ్యాపుల డౌన్‌లోడ్‌కు పరిమితి ఉన్నది. ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల భాండారం నుంచి తీసుకుంటే ఆ పరిమితి ఉండదు. ఈ యాప్‌లలో మన దేశపు మ్యాపులు రాష్ట్రాలవారీగా ఉంటాయి. మనవంటి సరిహద్దువారు ఒడిశా ఒక్కటే దించుకుంటే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం దాకా కూడా దారి దొరకదు. కాబట్టి ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండింటినీ దించుకోండి. కోరాపుట్ జిల్లావారైతే ఛత్తీస్‌గఢ్ కూడా.

ఓపెన్ సోర్స్ అంటే ఉచితమనే చాలామంది అనుకుంటారు. నిజానికి అటువంటి యాప్‌ను నడిపించే కోడ్ అందరికీ కనబడుతుంది, దానిని ఎవరైనా మార్చుకొని మళ్లీ పంచవచ్చు. అసలు బలం అక్కడ ఉన్నది. మ్యాప్స్.మీ అనే యాప్ 2020లో చేతులు మారినప్పుడు, దాని ఓపెన్ సోర్స్ కోడ్‌ను తీసుకొని మొదట దానిని తయారుచేసినవారే 2021లో ఆర్గానిక్ మ్యాప్స్‌ను తెచ్చారు. కోడ్‌కు తాళం వేసి ఉంటే అది సాధ్యమయ్యేది కాదు.

పేర్ల విషయం నా మనసుకు మరింత దగ్గరిది. ఈ రెండు యాప్‌లకూ ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్; 2004లో మొదలైన ఈ మ్యాపును ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవారు గీస్తున్నారు. అందులో ప్రతి ఊరికీ ప్రధానమైన పేరుతోపాటు ఒక్కొక్క భాషకు ఒక్కొక్క గడి ఉంటుంది: ఒడియాకు ‘నేమ్:ఓఆర్’, తెలుగుకు ‘నేమ్:టీఈ’. యాప్‌లో మ్యాపు భాషను తెలుగుగా ఎంచుకుంటే, ఎవరైనా తెలుగు గడి నింపిన ఊళ్లు తెలుగులో కనబడతాయి, మిగిలినవి స్థానిక పేరుతోనే ఉంటాయి. నింపవలసింది మనమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడే దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉన్నా మన ఇళ్లలో నేటికీ బరంపురమే. అటువంటి పేర్లు మన పెద్దల నోటనే మిగిలి ఉన్నాయి, వారు ఉండగానే వాటిని రాసి పెట్టుకోవాలి.

ఉచితంగా ఖాతా తెరిచి, వెస్పూచి అనే యాప్‌తో ఫోన్‌లోనే ఈ పని చేయవచ్చు. రెండు నియమాలు మాత్రం తప్పక పాటించండి. ఒడియా పేరును చెరిపి దాని స్థానంలో తెలుగు పేరు పెట్టకూడదు. అది పొరుగువారికి అన్యాయం, మ్యాపు నియమాలకూ విరుద్ధం. వ్యాపార సంస్థల మ్యాపులు చూసి ఎత్తిరాయకూడదు. మీకు స్వయంగా తెలిసినదే చేర్చాలి. మీరు చేర్చిన పేరు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో త్వరగానే చేరుతుంది. ఫోన్‌లో కనబడాలంటే కొత్త మ్యాపు దించుకోవాలి. ఓస్మ్‌యాండ్ మ్యాపులు నెలకొకసారి వస్తాయి.

ప్రశ్న: మా పాఠశాలలో మెమరీ కార్డు పట్టే పాత గార్మిన్ కంపెనీ చేతి జీపీఎస్ పరికరం ఉన్నది. దానిలో కొత్త మ్యాపు పెట్టగలమా?
— ఒక ఉపాధ్యాయిని, జయపురం, కోరాపుట్ జిల్లా

జవాబు: పెట్టగలరు, అమ్మా. ఎమ్‌కేజీమ్యాప్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారాన్ని గార్మిన్ చదవగలిగే ఫైలుగా మారుస్తుంది. ‘జీమ్యాప్‌సప్’ పేరుతో వచ్చే ఆ ఫైలును మెమరీ కార్డులోని ‘గార్మిన్’ ఫోల్డరులో ఉంచితే సరిపోతుంది. మామూలు అమరికలతో చేస్తే పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాలలోకి మారి వస్తాయి. పిల్లలు నడిచిన దారులను జీపీఎక్స్ ఫైలుగా దాచి, తరువాత ఓస్మ్‌యాండ్‌లో తెరిచి చూపించండి. తాము నడిచిన బాట గీతగా కనబడితే వారికి మ్యాపు పాఠం బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: మా పది డిసిమిళ్ల స్థలానికి పక్కవారితో హద్దు తగాదా ఉన్నది. ఫోన్ జీపీఎస్‌తో కొలుచుకోవచ్చునా?
— ఒక రైతు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: వద్దు. పది డిసిమిళ్లంటే మన పది సెంట్లే, సుమారు 405 చదరపు మీటర్లు. చదరంగా ఉంటే ఒక్కొక్క వైపు 20 మీటర్లు. ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్‌లో దాదాపు 5 మీటర్ల తేడా రావడం మామూలే, అంటే మీ స్థలం వెడల్పులో నాలుగో వంతు. ఏ యాప్ వాడినా ఆ తేడా ఉంటుంది. పెద్ద పొలం ఇంచుమించుగా ఎంతో తెలుసుకోవడానికి ఫోన్ పనికివస్తుంది. గట్టు తగాదాకు మాత్రం తహసీలు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, పక్కవారు కూడా ఉండగా అమీనుతో, అంటే ప్రభుత్వ సర్వేయరుతో, కొలిపించుకోండి.